జీడి అనే కుక్కకి ఇల్లు కావాలి, సంక్రాంతి లోపు (విజయనగరం). దాని లోపాలన్నీ చెప్పాలా వద్దా?

తోటపాలెం టీచరమ్మ

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

దీపావళి మర్నాడు పొద్దున్న పెద్ద చెరువు గట్టు మీదుగా వస్తుంటే, మూసేసి ఉన్న టిఫిన్ బండి కింద ఒక చిన్న కుక్క ముడుచుకుని కనబడింది. రాత్రంతా కాల్చిన టపాకాయల కాగితాలు దాని బొచ్చుకి అంటుకుని ఉన్నాయి. పిలిస్తే రాలేదు, దగ్గరికెళ్తే పారిపోనూ లేదు, అలా వణుకుతూ కూర్చుంది. బిస్కెట్ పెట్టి, చున్నీలో చుట్టి ఇంటికి తెచ్చేశాను. పామేరియన్ క్రాస్ అన్నారు డాక్టర్ గారు. ఆడది, నాలుగైదేళ్లు ఉండొచ్చట, ఏడు కిలోల లోపే. ఒళ్లంతా పలాస జీడిపప్పు రంగు, అందుకే జీడి అని పిలుస్తున్నాం. స్నానం చేయించేటప్పుడు చూశాను, మెడ చుట్టూ వేలెడు వెడల్పున బొచ్చు లేదు, చర్మం నల్లగా గట్టిపడి ఉంది. ప్లాస్టిక్ తాడు కట్టి నెలల తరబడి విప్పకపోతే అలా అవుతుందట.

ఎవరైనా పోగొట్టుకున్నారేమో అని ఫొటోలు ప్రింట్ తీయించి పాలబూత్ దగ్గర, మందుల షాపుల దగ్గర అంటించాను, వాట్సాప్ గ్రూపులన్నిట్లో పెట్టాను. ఆరు వారాలైంది, ఒక్కరు కూడా మాది అని రాలేదు.

నేను ఉంచుకోలేను. నెల్లిమర్లలో స్కూలు, ఎనిమిదింటికి వెళ్తే మళ్లీ ఐదింటికే రావడం. అంతసేపూ అది తలుపు దగ్గరే కూర్చుని ఏడుస్తోందని కింద వాటా వాళ్లు చెప్పారు. ఇంటాయన మంచివారే, ఇన్నాళ్లూ ఏమీ అనలేదు, కానీ సంక్రాంతికి వాళ్లమ్మాయి పసిబిడ్డతో వస్తోంది, భోగి లోపు ఏదో ఒకటి చూడమ్మా అన్నారు. ఆయన అడిగిన దాంట్లో తప్పు లేదు.

ఇప్పటిదాకా ముగ్గురు అడిగారు. ఒకాయన ఫోనెత్తగానే "ప్యూర్ పామేనా, పిల్లలు పెడుతుందా" అన్నారు, పెట్టేశాను ఫోను. ఇంకొకరికి గజపతినగరం వైపు మామిడి తోట ఉంది, రాత్రిపూట కాపలాకి కావాలట. మూడోవాళ్లు ఐదేళ్ల బాబు పుట్టినరోజుకి సర్‌ప్రైజ్‌గా ఇద్దామనుకుంటున్నారు. మంచి కుటుంబం, సొంత ఇల్లు, పెద్ద వరండా. నిజం చెప్పాలంటే వాళ్లకి ఇచ్చేద్దామని మనసు చాలా లాగింది.

కానీ జీడికి మెడ దగ్గర చెయ్యి పెడితే పడదు. గుర్రుమంటుంది. పోయిన వారం పక్కింటి బాబు వెనకనుంచి వచ్చి మెడ పట్టుకుంటే తిరిగి పళ్లు ఆనించింది. చర్మం తెగలేదు, గీత కూడా పడలేదు, కానీ బాబు భయపడి ఏడ్చాడు. ఇంకా ఉన్నాయి: చీపురు చప్పుడుకి మంచం కిందకి దూరిపోతుంది, బొచ్చు విపరీతంగా రాలుతుంది, గేటు చప్పుడైతే చాలు ఐదు నిమిషాలు మొరుగుతుంది.

మా స్టాఫ్ రూమ్‌లో అందరూ ఒకటే మాట, "అవన్నీ రాస్తే ఎవరు తీసుకుంటారు, ముందు ఇచ్చేయ్, అలవాటైతే వాళ్లే సర్దుకుంటారు" అని. నాకు ధైర్యం చాలట్లేదు. రెండేళ్ల కిందట ఒక నల్ల కుక్కపిల్లని ఇలాగే తొందరపడి ఇచ్చాను. వాళ్ల ఇల్లు చూడలేదు, ఏమీ అడగలేదు. నాలుగు నెలల తర్వాత చూసొద్దామని వెళ్తే "అదా, ఎప్పుడో పారిపోయింది" అన్నారు, అంతే. అది నా మనసులోంచి పోలేదు.

మీరైతే ఏం చేస్తారు? లోపాలు ముందే చెప్పేస్తారా? నేను మరీ ఎక్కువ వంకలు పెడుతున్నానా?

---

రింగ్ రోడ్డు

మేడమ్, మీ బాధ అర్థమైంది కానీ మామిడి తోట ఆయన్ని ఎందుకు వద్దనుకుంటున్నారో అర్థం కాలేదు. మా ఊళ్లో కుక్కలన్నీ తోటల్లో, కల్లాల్లోనే పెరుగుతాయి. తిండికి లోటుండదు, తిరగడానికి బోలెడు చోటు. మేడ మీద రెండు గదుల్లో తలుపేసి ఉంచడం కంటే అదే నయం కదా. రోజులు దగ్గర పడుతున్నాయి, భోగి దాకా ఎవరూ దొరక్కపోతే మళ్లీ చెరువు గట్టు మీదే వదలాల్సి వస్తుంది, ఆలోచించండి.

---

తోటపాలెం టీచరమ్మ

@రింగ్ రోడ్డు అన్నా, చెరువు గట్టు మీద మాత్రం వదలను. ఇంట్లో పెంచిన కుక్కని ఆకలితో బాధపడేలా రోడ్డున వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి అలా ఉంచితే, నా వల్ల కూడా కాదు.

తోట గురించి మీరన్నది నాటు కుక్క విషయంలో అయితే నేనూ ఒప్పుకుంటాను. ఇది అలాంటిది కాదు. ఏడు కిలోల్లేదు, ఆ బొచ్చుతో మే నెల ఎండలో ఆరుబయట ఎలా ఉంటుంది? రాత్రిపూట తోటలో నక్కలుంటాయి, పాములుంటాయి. పైగా ఆయన్ని అడిగాను, పగలు ఎక్కడ ఉంచుతారండీ అని. "షెడ్డు గుంజకి కట్టేస్తాం" అన్నారు. మెడకి తాడు మచ్చ ఉన్న దాన్ని మళ్లీ గుంజకి కట్టడానికి ఎలా ఇవ్వను చెప్పండి.

---

గరివిడి పశువైద్య విద్యార్థి

అక్కా, గరివిడి వెటర్నరీ కాలేజీలో చదువుతున్నాను. మీ ప్రశ్నకి నా జవాబు: అన్నీ చెప్పండి, అసలు మొదటి వాక్యమే మెడ సంగతి పెట్టండి. పుట్టినరోజు కుటుంబానికి మాత్రం వద్దు. ఐదేళ్ల పిల్లాడు కుక్క కనబడితే మొదట చేసే పని మెడ చుట్టూ చేతులేసి కౌగిలించుకోవడం. ఈసారి పళ్లు ఆనించి ఆగింది, గుర్రుమన్నా వినకపోతే రేపు ఆగకపోవచ్చు. అప్పుడు బాబుకి దెబ్బ, కుక్కకి "కరిచే కుక్క" అని ముద్ర, మళ్లీ దానికి ఇల్లు దొరకదు. ఇంకో మాట, గుర్రుమన్నందుకు ఎవరూ కొట్టకుండా చూడండి. దెబ్బలకి గుర్రుమనడం మానేస్తుంది కానీ భయం పోదు, అప్పుడు చెప్పకుండానే కరుస్తుంది.

పక్కింటి బాబుకి చర్మం తెగలేదన్నారు కాబట్టి పర్లేదు. ఎప్పుడైనా ఏ కుక్క వల్లైనా గీరుకున్నా సరే, వెంటనే సబ్బుతో, ధార నీళ్లతో పావుగంట కడిగి అదే రోజు ఇంజెక్షన్‌కి వెళ్లాలి. పది రోజులు కుక్కని చూద్దాం అని కూర్చోకూడదు. ఇంజెక్షన్ మొదలెట్టి, ఆ తర్వాత కుక్కని గమనించాలి.

ఇచ్చే ముందు చేయించాల్సినవి చెప్తాను. రేబిస్ టీకా వేయించారా? లేకపోతే ముందు అది. పెద్ద కుక్కే అయినా పాత టీకాల సంగతి మనకి తెలియదు కాబట్టి పార్వో, డిస్టెంపర్ లాంటి కుక్కల జబ్బులకి కలిపి వేసే టీకా కూడా మూడు నాలుగు వారాల తేడాతో రెండు డోసులు వేయించి, ఆ కార్డు కొత్తవాళ్ల చేతికివ్వండి. రేబిస్‌ది ఏడాదికోసారి మళ్లీ వేయించాలని వాళ్లకి చెప్పండి. జులై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకి అంటే జబ్బులు) దినం అని ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. 1885లో అదే రోజున లూయీ పాశ్చర్ ఒక పిల్లాడికి రేబిస్ టీకా వేయించారు, అందుకే ఆ తేదీ.

తర్వాత పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. ఇది చేయించాకే ఇవ్వండి అక్కా. "పిల్లలు పెడుతుందా" అని అడిగే వాళ్లు వాళ్లంతట వాళ్లే తప్పుకుంటారు. అది ఒక లాభం. అసలు లాభం దాని ఆరోగ్యం. ఆపరేషన్ కాని ఆడకుక్కలకి వయసు పెరిగేకొద్దీ ఎదకొచ్చి వెళ్లిన కొన్ని వారాలకి గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం ఉంటుంది. నీళ్లు తెగ తాగడం, నీరసం, కింద చీము కారడం కనిపిస్తాయి. కొన్నిసార్లు చీము బయటికి రానే రాదు, లోపలే ఉండి ప్రాణం మీదకి తెస్తుంది. రొమ్ము గడ్డలు ఉన్నాయేమో కూడా డాక్టర్ చేత చూపించండి.

చెరువు గట్టు దగ్గర దొరికిందన్నారు, చెవుల లోపల, కాలివేళ్ల మధ్య గోమార్లు ఉన్నాయా? వాటి వల్ల వచ్చే జ్వరం మన వైపు బాగా ఎక్కువ. పళ్ల చిగుళ్లు పాలిపోయినా, ముక్కులోంచి రక్తం వచ్చినా, తిండి మానేసినా రక్తపరీక్ష చేయించండి. మనుషుల జ్వరం బిళ్ల మాత్రం పొరపాటున కూడా వేయకండి, పారాసెటమాల్ కుక్కలకి ప్రమాదం.

---

తోటపాలెం టీచరమ్మ

తమ్ముడూ, చాలా థాంక్స్. రేబిస్ వేయించాను, కలిపి వేసేది ఒక డోసు అయింది. గోమార్లు దొరికిన రోజునే పట్టకారుతో తీశాను, లెక్కపెడితే ముప్పై పైనే, కుడి చెవి మడతలో ఒక్క చోటే గుత్తిలా తొమ్మిది ఉన్నాయి. తీస్తున్నంతసేపూ కదలకుండా నా చెప్పు మీద గడ్డం ఆనించి పడుకుంది. ఇప్పుడు కూడా భయమేస్తే అంతే, వచ్చి ఎవరిదో ఒకరిది చెప్పు వెతుక్కుని దాని మీద గడ్డం పెడుతుంది. ఆపరేషన్‌కి ఈ ఆదివారం తర్వాత తేదీ తీసుకుంటాను. గడ్డలు లేవన్నారు.

---

విశాఖ నుంచి

నేను విశాఖలో పన్నెండేళ్లుగా కుక్కలకి ఇళ్లు వెతుకుతున్నాను. మీరు వంకలు పెట్టట్లేదు, సరిగ్గానే చేస్తున్నారు. నా అనుభవంలో వెనక్కి వచ్చిన కుక్కల్లో ఎక్కువ శాతం లోపం ఉండి వచ్చినవి కావు, లోపం దాచి ఇస్తే వచ్చినవే. బొచ్చు రాలుతుందని చెప్పకపోతే మూడో రోజు ఫోనొస్తుంది, మా అత్తగారికి ఆయాసం అండీ అని. చెప్పి ఇస్తే ఆ అత్తగారింటికి అసలు వెళ్లేదే కాదు కదా.

ప్రకటన ఎలా రాయాలో కూడా చెప్తాను. "అనాథ", "దయచేసి కాపాడండి" అని రాయకండి. జాలితో తీసుకున్న వాళ్ల జాలి నెల తిరక్కుండా అయిపోతుంది. అది రోజంతా ఏం చేస్తుందో రాయండి. చెప్పు మీద గడ్డం పెడుతుందన్నారు చూడండి, అది రాయండి. ఆ ఫొటో పెట్టండి. పొద్దుటి వెలుతురులో, మీరు నేల మీద కూర్చుని దాని కళ్ల ఎత్తులో తీయండి, పైనుంచి తీస్తే ఏ కుక్కైనా దిగులుగా కనబడుతుంది. దాని కిందే మెడ సంగతి, మొరగడం, పిల్లలున్న ఇంటికి ఇవ్వలేమని స్పష్టంగా.

ఎవరైనా అడిగితే ముందు ఫోన్‌లో మాట్లాడండి, తర్వాత వాళ్లింటికి మీరే జీడిని తీసుకెళ్లండి. మీ ఇంటికొచ్చి పట్టుకుపోతామంటే ఒప్పుకోవద్దు. ఇల్లు గొప్పగా ఉందా అని చూడక్కర్లేదు. గేటు కింద సందు ఉందా, మేడ మీద పిట్టగోడ ఎంత ఎత్తు, కుక్క రాత్రి ఎక్కడ పడుకుంటుంది, ఊరెళ్తే ఎవరు చూస్తారు, ఇంట్లో వద్దనేవాళ్లు ఎవరైనా ఉన్నారా, ఇవే అడగండి. అద్దె ఇల్లయితే ఓనర్‌తో కూడా ఒక మాట. అపార్టుమెంట్ వాళ్లు అసోసియేషన్ ఒప్పుకోదు అని భయపడుతుంటే చెప్పండి, పెంపుడు కుక్కల్ని నిషేధించే అధికారం అసోసియేషన్లకి లేదని జంతు సంక్షేమ బోర్డు 2015 లోనే మార్గదర్శకాలు ఇచ్చింది.

రెండు వారాలు ట్రయల్ అని ముందే మాట్లాడుకోండి. నచ్చకపోతే ఇంకెవరికీ ఇవ్వకుండా మీకే తిరిగి ఇవ్వాలని ఒక కాగితం మీద సంతకం పెట్టించుకోండి. మొదటి మూడు రోజులు తినకపోవచ్చు, మూల పట్టుకుని ఉండొచ్చు, దానికి కంగారు పడొద్దని చెప్పండి. మూడు వారాలకి ఇంటి పద్ధతి పట్టుబడుతుంది, మూడు నెలలకి గానీ ఇది నా ఇల్లు అనుకోదు, మా వాళ్లందరం ఈ లెక్కే చెప్తాం.

హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో ఎవరైనా అడిగితే తొందరపడకండి. రైల్లో కుక్కని స్లీపర్‌లోగానీ టూ టైర్, త్రీ టైర్‌లలోగానీ ఎక్కించనివ్వరు, ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం తీసుకోవాలి లేదా గార్డు బోగీలో ఉండే బోనులో వేయాలి. చప్పుళ్లంటే హడలిపోయే జీడిని ఆ బోనులో రాత్రంతా ఊహించుకోండి.

---

నాగావళి ఒడ్డు

అమ్మా, నాది శ్రీకాకుళం. రిటైరై ఆరేళ్లయింది. మీరు రాసిందంతా రెండుసార్లు చదివాను.

ఆమదాలవలసలో మా చెల్లెలుంది, ఒక్కర్తే ఉంటుంది. మా బావ పోయి నాలుగేళ్లు, పిల్లలు దూరం. ఆయన తెచ్చిన కుక్క ఒకటి పదమూడేళ్లు బతికి పోయిన శ్రావణంలో చచ్చిపోయింది. అప్పట్నుంచి మళ్లీ కుక్క మాట ఎత్తితే "ఇంకొద్దన్నయ్యా, ఈ వయసులో మళ్లీ పసిపిల్లని పెంచలేను" అంటోంది. కుక్కపిల్లనే కదా వద్దంటోంది అనిపించి, నిన్న సాయంత్రం ఫోన్ చేసి మీ పోస్టు మొత్తం చదివి వినిపించాను. మెడ సంగతి వచ్చేసరికి ఆపింది నన్ను. "ఏటి, ఎవులో తాడు కట్టి ఒగ్గీసినారా" అని కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న, భుజాల మీదుగా కట్టే పట్టీ దొరుకుతుందా, మెడకి ఏమీ లేకుండా తిప్పొచ్చు కదా అని.

పెంకుటిల్లు, చుట్టూ ప్రహరీ ఉంది, చిన్నపిల్లలు లేరు. పగలంతా ఇంట్లోనే ఉంటుంది. ఆమెకి అరవై నాలుగు, మోకాళ్ల నొప్పులున్నాయి, కాబట్టి పెద్ద కుక్క అయితే ఈడ్చేస్తుంది, ఏడు కిలోలైతే పర్లేదు. నేను పావుగంట దూరంలోనే ఉన్నాను, ఆమెకి ఏదైనా అయితే జీడి నా దగ్గరికి వస్తుంది, అది నేను రాసిస్తాను. మీరు రావాలనుకుంటే ఎప్పుడైనా రండమ్మా, భోజనం మా ఇంట్లోనే.

---

రింగ్ రోడ్డు

మేడమ్, గుంజకి కట్టేస్తారని మీరు ముందు రాయలేదు, అందుకే తోట గురించి అలా అన్నాను. అలా అయితే నేనూ ఇవ్వను. ఆమదాలవలస వెళ్లాలంటే చెప్పండి, నాకు కారుంది, ఆదివారాలు ఖాళీయే. డీజిల్ డబ్బులు కూడా వద్దు.

---

తోటపాలెం టీచరమ్మ

అందరికీ, మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. స్కూల్లో పరీక్షలు, మధ్యలో జీడి ఆపరేషన్. కుట్లు మానాక నిన్న ఆదివారం ఆమదాలవలస వెళ్లాం. రింగ్ రోడ్డు అన్నయ్యే తీసుకెళ్లారు, హారన్ కొట్టకుండా నడిపారు దారంతా. చిలకపాలెం దగ్గర ఆపి నీళ్లు పట్టాం, రెండు గుటకలు తాగింది.

వెళ్లేసరికి అమ్మగారు అరుగు మీద కూర్చుని చేట పెట్టుకుని మినుములు బాగుచేస్తున్నారు. మమ్మల్ని పలకరించారు గానీ జీడి వైపు చూడలేదు, పిలవలేదు. నాకు మొదట టెన్షన్ వచ్చింది, ఇష్టం లేదేమో అని. ఆవిడ అలా మినుములు ఏరుకుంటూనే మాట్లాడుతున్నారు. జీడి పెరడంతా వాసన చూసింది, తులసికోట చుట్టూ తిరిగింది, నూతి గట్టు దాకా వెళ్లి వచ్చింది. అరగంటకి అరుగెక్కి, ఆవిడ చేటకి అటుపక్కగా కూర్చుంది. ఆవిడ అప్పుడు కూడా చెయ్యి చాపలేదు. ఎడమ కాలి చెప్పు మాత్రం మెల్లగా విడిచి దాని వైపు జరిపారు. నేను రాసింది ఆవిడకి గుర్తుంది.

మేం భోంచేసి వచ్చేసరికి గడ్డం దాని మీద పెట్టి నిద్రపోతోంది.

ట్రయల్ కాగితం రాసుకున్నాం, నాగావళి ఒడ్డు బాబాయ్ గారు కూడా సంతకం పెట్టారు. హార్నెస్ (ఆవిడ అడిగిన భుజాల పట్టీ), టీకాల కార్డు, నా పాత చున్నీ ఇచ్చి వచ్చాను. గేటు దాటేటప్పుడు వెనక్కి చూడొద్దని అన్నయ్య చెప్పారు, చూశాను.

ఇవాళ పొద్దున్న ఫోన్ చేస్తే రాత్రి ఏమీ తినలేదట, తెల్లవారాక పెరుగన్నంలో గుడ్డు కలిపి పెడితే ఒక ముద్ద నోట్లో పెట్టుకుని మూలకి తీసుకెళ్లి అక్కడ తిన్నదట. ఇక్కడ కూడా మొదటి వారం అలాగే చేసింది, గిన్నె దగ్గర తినడానికి ఎనిమిది రోజులు పట్టింది. కంగారు పడొద్దని చెప్పాను. "నాకేం కంగారు, ఇద్దరం ఇంట్లోనే ఉంటాం కదమ్మా" అన్నారు.

గరివిడి తమ్ముడూ, ఒక్క సందేహం. కలిపి వేసే టీకా రెండో డోసు ఆపరేషన్ హడావుడిలో నాలుగు వారాలు దాటి ఇంకో వారం అయిపోయింది. ఇప్పుడు వేయిస్తే సరిపోతుందా, లేక మళ్లీ మొదటినుంచి వేయించాలా? బాబాయ్ గారు రేపే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తానంటున్నారు.

---

గరివిడి పశువైద్య విద్యార్థి

ఒక్క వారం ఆలస్యమే కాబట్టి మొదటినుంచి అక్కర్లేదు అక్కా, రెండో డోసు వేసేస్తారు. కానీ కొత్త ఇంటికి వచ్చి ఒక్క రోజే అయింది, సరిగ్గా తినట్లేదు కూడా. నాలుగైదు రోజులు ఆగి, గిన్నె ఖాళీ చేయడం మొదలెట్టాక తీసుకెళ్లమనండి. కార్డు మీద మొదటి డోసు తేదీ, కంపెనీ స్టిక్కర్ ఉన్నాయో లేదో చూసుకోమనండి, అక్కడి డాక్టర్ గారు ముందు అదే అడుగుతారు. ఆసుపత్రిలో బల్ల మీద పట్టుకునేటప్పుడు మెడ పట్టుకోవద్దని బాబాయ్ గారిని ముందే చెప్పమనండి.